నూట నలభై నాలుగు నుంచి నూట నలభై ఆరు దాకా

అల్లూరులో పద్మనాభయ్య ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మేడ మీద పొడుగాటి ఇనప గొట్టం, దాని తల మీద చేప ముల్లులాంటి అల్యూమినియం కడ్డీలు. అలాంటి ఇల్లు ఊళ్లో అదొక్కటే. కేబుల్ టీవీ వచ్చి ఇన్నేళ్లయినా ఏంటెనా పీకించలేదేమని కొత్తవాళ్లు నవ్వుతారు. అది టీవీది కాదని ఆయన భార్య ఆదిశేషమ్మే చెబుతుంది.

"అది ఆయన నోరు. ఇంట్లో మాట్లాడరు గదా, అందుకని ఆడ బిగించుకున్నారు."

పద్మనాభయ్య ముప్పై నాలుగేళ్లు నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేశాడు. కాలవ తూముల మీద షట్టర్లు ఎత్తడం, దించడం, ఎవరి పొలానికి ఎన్ని గంటల నీళ్లో వంతులు చూడటం ఆయన పని. అల్లూరు వైపు భూములు పెన్నా కాలవలకు చివరివి. పైవాళ్లందరూ పారించుకోగా మిగిలిందే ఇక్కడికి వస్తుంది. అందుకే ఇక్కడ వంతులు వేయటమంటే కత్తి మీద సాము. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆయన ఒక తప్పు చేశాడు. బావమరిది అడిగితే కాదనలేక వంతు కాని వంతులో రెండు గంటలు నీళ్లు వదిలాడు. ఆ మధ్యాహ్నం చివరి పొలం రైతు గట్టు మీద నిలబడి ఎండిన పిల్లకాలవను చూసి వెళ్లిపోయాడు. ఆ రైతు చనిపోయేదాకా పద్మనాభయ్యతో మాట్లాడలేదు. అప్పట్నుంచి వంతులు వేసే ముందు కాలవ మొదటి నుంచి చివరిదాకా నడిచి చూసి రావడం ఆయనకు అలవాటైంది.

రేడియో ఆయనకు ఉద్యోగంలోనే తగులుకుంది. రోజూ పొద్దున ఆరింటికి కాలవలో నీటిమట్టం చూసి సెక్షన్ ఆఫీసులో చెప్పాలి. అక్కడి వైర్‌లెస్ ఆపరేటర్ హెబ్రోను ఆ అంకెల్ని సెట్లో పై ఆఫీసుకు పంపేవాడు. ఎక్కడో ముప్పై మైళ్ల అవతలి మనిషి గొంతు ఆ ఇనప పెట్టెలోంచి వచ్చి "అందింది" అనటం పద్మనాభయ్యకు విచిత్రంగా ఉండేది. పని అయిపోయాక కూడా అక్కడే కూర్చునేవాడు. హెబ్రోను టీ గ్లాసు మీద చెంచాతో కొట్టి మోర్స్ కోడ్ నేర్పించాడు. డ్యూటీ సెట్లో సొంత కబుర్లు కూడదని, సరదాగా మాట్లాడుకోవాలంటే ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చే లైసెన్సు వేరే ఉందని, అది ఉన్నవాళ్లను హామ్‌లంటారని చెప్పిందీ హెబ్రోనే. పదో తరగతితో చదువు ఆపేసిన పద్మనాభయ్య నలభై ఒకటో ఏట చెన్నై వెళ్లి ఇంగ్లీషు పేపరు రాశాడు. మొదటిసారి తప్పాడు. రెండోసారి గట్టెక్కాడు.

హామ్‌ల రేడియోకు రెండు గట్టి నియమాలున్నాయి. దానితో ఎవరూ వ్యాపారం చేసుకోకూడదు, లైసెన్సు లేనివాడు మైకు పట్టుకోకూడదు. వాళ్లకు ప్రభుత్వం కొన్ని ఫ్రీక్వెన్సీలు వదిలిపెట్టింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడేది నూట నలభై నాలుగు నుంచి నూట నలభై ఆరు మెగాహెర్ట్‌జ్ దాకా ఉన్న ముక్క. ఆ ముక్కలో ఎవరు ఎక్కడ ఉండాలో వాళ్లలో వాళ్లు ఒప్పందానికి రావలసిందే. నెల్లూరు తీరంలో పంతొమ్మిది మంది హామ్‌లు కలిసి పెట్టుకున్న క్లబ్బులో చాలా ఏళ్లు ఆ అవసరం రాలేదు. పంతొమ్మిది మందికి రెండు మెగాహెర్ట్‌జ్ అంటే పదెకరాల్లో రెండు మేకల్ని కట్టేసినట్టు.

అవసరం 2023 నవంబరులో వచ్చింది. కావలిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ప్రత్యూష క్లబ్బులో అందరికన్నా చిన్నది. ఆమె ఏడుగురు హామ్‌ల ఇళ్ల మీద ఏడు పెట్టెలు బిగించింది. ఒక్కో పెట్టె అక్కడి గాలివేగం, వాన, ఊరి కాలవలో దించిన సెన్సరు చెప్పే నీటిమట్టం లెక్కగట్టి పది నిమిషాలకోసారి రేడియోలో అంకెలుగా పంపుతుంది. తుఫానుకు సెల్ టవర్లు పడిపోయినా ఈ అంకెలు ఆగవు. వినేవాడికి మాత్రం అర సెకను పాటు కీచుమన్నట్టు ఉంటుంది, అంతే. చిక్కేమిటంటే ఆ కీచులు పొద్దున ఏడింటికి పెద్దవాళ్లు మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీలోనే పడ్డాయి.

నెల్లూరులో క్లబ్బు సమావేశం రచ్చరచ్చ అయింది. అధ్యక్షుడు విజయభాస్కర్ ఆసుపత్రి సామాన్ల దుకాణం యజమాని, మాట కటువు, మనసు చెడ్డది కాదు. "మనుషులు మాట్లాడుకునే చోట యంత్రాలు దూరితే ఎట్టమ్మా?" అని ఆయన, "ఎక్కడ ఖాళీ ఉందో మీరు చెప్పండి సార్, అక్కడికే పోతాను" అని ప్రత్యూష. ఎవరికి ఎక్కడో తేల్చి ఒక పట్టిక రాయాలని అందరూ ఒప్పుకున్నారు. ఎవరు రాయాలన్న దగ్గర అందరి చూపూ పద్మనాభయ్య మీదికే పోయింది.

"రాస్తాను. ముందు పదిహేను రోజులు వింటాను" అన్నాడాయన.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రెండేసి గంటలు సెట్టు ముందు కూర్చుని కింది నుంచి పై దాకా కొంచెం కొంచెంగా తిప్పుతూ విన్నాడు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎప్పుడు ఎవరు ఏం మాట్లాడారో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నూట నలభై అయిదు పాయింట్ ఎనిమిది నుంచి పైన ఉపగ్రహాలది, దాన్ని ముట్టుకోరాదు. మధ్యలో పెద్దల కబుర్లు. కింద నూట నలభై నాలుగు పాయింట్ ఆరు దగ్గర మంచి ఖాళీ ఉందని ప్రత్యూష యంత్రంతో కొలిచి చెప్పింది, ఒక పెట్టెను అప్పుడప్పుడు అక్కడ పరీక్షగా నడిపి చూస్తోంది కూడా. కాలేజీకి సెలవైన ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె కొలిచింది. ఆయన సోమవారం పొద్దున నాలుగున్నరకే విన్నాడు.

అక్కడ ఖాళీ లేదు.

"ఇంజను వేడెక్కతా ఉండాది, తీరానికి ఆనుకోని వస్తా ఉన్నాను" అని ఒక గొంతు. "వంజరం పడింది, ఐసు చెప్పి పెట్టు" అని ఇంకోటి. వాళ్లకు ఒడ్డు నుంచి ఒక ఆడమనిషి బదులిస్తోంది. ఆమె పేర్లు అడగటం లేదు. గొంతు విప్పీ విప్పకముందే అది ఏ బోటో చెప్పేస్తోంది. తీరాన ఉన్న జువ్వలదిన్నె బోట్లు అవి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే చేతి సెట్లు తెచ్చుకుని, లైసెన్సూ గట్రా ఏమీ లేకుండా, హామ్‌ల ముక్కలో మాట్లాడుకుంటున్నారు. పద్మనాభయ్య అదీ రాసుకున్నాడు, బోట్ల పేర్లతో సహా.

తర్వాతి సమావేశంలో చదివి వినిపిస్తే విజయభాస్కర్ లేచాడు. "ఇది చట్ట విరుద్ధం గదన్నా! వైర్‌లెస్ అధికారులకి రాద్దాం, వచ్చి సెట్లు తీసకపోతారు. ఆ జాగా ప్రత్యూషమ్మకి ఇచ్చేయొచ్చు."

"వాళ్లు కాలవ చివర ఉండేవాళ్లయ్యా," అన్నాడు పద్మనాభయ్య. "నడిచి చూడకుండా నేను షట్టర్ దించలేను. ముందు పోయి మాట్లాడొస్తా."

మర్నాడు బిట్రగుంట మీదుగా రెండు బస్సులు మారి జువ్వలదిన్నె చేరాడు. కొత్త హార్బరు పక్కన పాత పాకలు. ఒక పాక ముందు సరుగుడు వాసానికి కట్టిన అల్యూమినియం కడ్డీ చూసి, వెతుకుతున్న ఇల్లు అదేనని తెలుసుకున్నాడు. గడపలో కూర్చుని చేపల బుట్టకు తాళ్లు బిగిస్తున్న మనిషి పేరు మాలకొండమ్మ. ఆమె మొగుడు నరసయ్య బోటు మీద ఉన్నాడు.

పద్మనాభయ్య తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు.

"ఓయబ్బో! అయితే ఆ కీచురాళ్ల మూక మీదేనా?" అంది మాలకొండమ్మ. "ఒక్కోనాడు మా సెట్లో కూడా దూరతా ఉండాయి. మొన్న మా ఆయన 'నడుం దాకా నీళ్లు' అంటే మజ్జెలో కీచుమని, నాకు 'నీళ్లు' ఒకటే యినపడింది. బోటులోకి నీళ్లొచ్చినాయేమోనని గుండె ఆగిపొయ్యింది. తీరా చూస్తే వల తీస్తా దిగినాడంట."

"అవి మావేనమ్మా. పక్కకి తీపిస్తాం. అయితే ఇంకో మాట కూడా చెప్పాల. మీరు వాడే ఆ సెట్లకి, ఆ జాగాకి మీకు అనుమతి లేదు. ఎవురన్నా పైకి రాస్తే వచ్చి తీసకపోతారు."

మాలకొండమ్మ చేతిలో తాడు ఆగింది. "ఆకాశం కూడా మీదేనా అన్నా?"

"నాది కాదు. నేను కూడా పరీక్ష రాసి అడుక్కున్నోణ్ణే." ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "సముద్రం మీద బోట్లకి వేరే ముక్క ఉండాది. దానికి వేరే సెట్లు, అనుమతి తీసుకోని పెట్టుకోవాల. వాటిలో ఆపద అని అరిస్తే ఓడలు వింటాయి, కోస్టుగార్డు వింటాది. దీంట్లో అరిస్తే వినేది నేనొక్కణ్ణే, అది కూడా నేను మెలకువగా ఉంటే."

ఆ మాట ఆమెను ఆలోచనలో పెట్టింది. పోయిన ఏడు ముత్యాలయ్య బోటు ఇంజను ఆగి ఒకటిన్నర రోజు కొట్టుకుపోయిన సంగతి చెప్పింది. సెట్టు చేతిలోనే ఉన్నా ఆ దూరానికి ఒడ్డున ఎవరికీ వినపడలేదట.

చివరికి ఒక మాటకు వచ్చారు. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. ఆ రెండు నెలల్లో కొత్త సెట్లకు దరఖాస్తులు పెట్టుకోవాలి. అందాకా పాయింట్ ఆరులోకి ఒక్క కీచు కూడా రాకుండా పద్మనాభయ్య చూసుకుంటాడు. మాలకొండమ్మ మిగతా బోట్లవాళ్లతో మాట్లాడుతుంది. వెళ్లేటప్పుడు ఆమె మజ్జిగ ఇచ్చింది.

ప్రత్యూష ఒప్పుకుంది. ఏడు పెట్టెలనూ తాత్కాలికంగా నూట నలభై అయిదు దగ్గరికి జరిపింది. ఒక్కో ఊరికీ వెళ్లి, మేడలెక్కి, లాప్‌టాప్ తగిలించి మార్చటానికి ఆమెకు మూడు ఆదివారాలు పట్టింది. ఆ జాగా పెద్దల ఏడింటి కబుర్లకు దగ్గరే గనక, విజయభాస్కర్ సెట్లో కీచులు పూర్తిగా తగ్గలేదు.

ఆయనకు ఓపిక తక్కువ. మార్చి మొదటి వారంలో ఎవరికీ చెప్పకుండా అధికారులకు మెయిల్ రాశాడు. ఫిర్యాదుకు ఆధారం కావాలి గనక, సమావేశంలో అందరికీ పంచిన పద్మనాభయ్య నోటుపుస్తకం జిరాక్సు కాగితాలు దానికి జత చేశాడు. తేదీలు, టైములు, బోట్ల పేర్లు, మాట్లాడిన మాటలు అన్నీ అందులో ఉన్నాయి. పది రోజులకు జీపు వచ్చింది. జువ్వలదిన్నెలో పదకొండు సెట్లు తీసుకుపోయారు, పేర్లు రాసుకుని హెచ్చరించి వదిలారు.

మర్నాడు పొద్దున పాయింట్ ఆరులో గొంతులు లేవు. పద్మనాభయ్య అరగంట సేపు సెట్టు తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత ప్రత్యూష ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

"మీరు రాయలేదు గదా ఫిర్యాదు?" అంది ఆదిశేషమ్మ.

"పుస్తకం నాదే."

"పోబాకండి. తిట్టి పంపిస్తారు."

"తిట్టనీ. పోకపోతే ఇంకా ఎక్కువ తిడతారు, అది నాకు వినపడదు."

జువ్వలదిన్నెలో మాలకొండమ్మ ఆయన్ను గడప దగ్గర నిలబెట్టే మాట్లాడింది. నరసయ్య లోపల ఉండి బయటికి రాలేదు. పక్క పాకల్లోంచి నలుగురు వచ్చి నిలబడ్డారు.

"మా మాటలన్నీ దొంగచాటుగా రాసి పెట్టుకున్నావంట గదా. మా ఆయన ఆ పొద్దు నన్ను తిట్టిన తిట్టు కూడా ఉండాదంట ఆ కాయితాల్లో. ఆఫీసరు చదివి నవ్వినాడు."

"రాసింది నేనే," అన్నాడు పద్మనాభయ్య. "పైకి పంపింది నేను కాదు. అయినా రాయకుండా ఉంటే పంపేదానికి ఏముండేది? ఎంత జాగా ఎవురు వాడతా ఉన్నారో తెలిస్తే నాకు చాలు. పేర్లు, మాటలు రాయాల్సిన పని లేదు. అది నా తప్పు."

విజయభాస్కర్ పేరు ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మజ్జిగ సంగతి అటుంచి, కూర్చోమని కూడా అనలేదు. బస్సు కోసం ఎండలో నిలబడి ఉండగా ముత్యాలయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "అయితే ఆ ఇంకో సెట్టు సంగతేందో చెప్పు సామీ," అన్నాడు. "నిరుడు తేలిపోయినోణ్ణి నేనే."

ఆ ప్రశ్నతో పని మళ్లీ మొదలైంది. వేట నిషేధం రెండు నెలల్లో పద్మనాభయ్య తొమ్మిదిసార్లు జువ్వలదిన్నె వెళ్లాడు. ముత్యాలయ్యను వెంటబెట్టుకుని మత్స్యశాఖ ఆఫీసుకు, అక్కడి నుంచి బోటు రిజిస్ట్రేషను కాగితాల కోసం ఇంకో ఆఫీసుకు తిరిగాడు. దరఖాస్తులు ఇంగ్లీషులో ఉంటే ప్రత్యూష నింపింది. రెండోసారి నలుగురు వచ్చారు, నాలుగోసారికి ఏడుగురయ్యారు. కొత్త సెట్ల ఖరీదు చూసి కొందరు కలిసి వేటకు పోయే రెండు బోట్లకు ఒకటి చాలనుకున్నారు. మాలకొండమ్మ మాత్రం రాలేదు. నరసయ్య వచ్చి సంతకాలు చేసి వెళ్లాడు.

క్లబ్బులో పద్మనాభయ్య గొంతు పెంచింది ఒక్కసారే. విజయభాస్కర్ "నేను చట్ట ప్రకారమే చేసినాను గదన్నా" అన్నప్పుడు.

"చట్టం తప్పని నేననలా. ఆ పొద్దు నుంచి కొత్త సెట్లొచ్చే దాకా మూడు నెల్లు. అందులో నిషేధం లేని నెల రోజులు ఆ బోట్లకి నోరు లేకుండా చేసినావు. ఆ రోజుల్లో ఏ ఇంజనూ ఆగలేదు, అది మన అదృష్టం. నీ పేరు నేనాడ చెప్పలా. నువ్వే ఒకసారి పోయిరా."

విజయభాస్కర్ వెళ్లలేదు. అయితే దరఖాస్తులతో పాటు జత చేయడానికి క్లబ్బు తరఫున ఒక ఉత్తరం కావాలంటే, ఏ మాటా మార్చకుండా సంతకం పెట్టి ముద్ర వేశాడు. జూన్‌లో వేట మొదలయ్యేసరికి ఆరు బోట్లలో కొత్త సెట్లు బిగిశాయి. సెప్టెంబరుకు తొమ్మిదయ్యాయి.

వాటిని వాడటం నేర్పటానికి వెళ్లినప్పుడు, ఆ గొడవ తర్వాత మొదటిసారి మాలకొండమ్మ బయటికి వచ్చింది. పదహారో ఛానెల్ ఆపదకూ, పిలుపుకూ మాత్రమేనని, దాంట్లో వంజరం కబుర్లు చెప్పకూడదని పద్మనాభయ్య చెబుతుంటే దూరంగా నిలబడి విన్నది. మాట్లాడుకోవడానికి అనుమతి ఉన్న ఛానెళ్లు కొన్నే. అన్ని బోట్లూ ఒకదాంట్లోనే దూరితే ఎవరి మాటా ఎవరికీ అందదు. ఏ బోట్లు ఏ ఛానెల్లోనో తేల్చమని మగవాళ్లు ఆయన్ను అడిగారు.

"నేను తేల్చను. మీ బోట్లు, మీ సముద్రం. మీరే అనుకోండి."

మగవాళ్లు గంటసేపు వాదించుకున్నారు. చివరికి మాలకొండమ్మ వచ్చి, ఉత్తరానికి పోయే బోట్లు ఒకటి, దక్షిణానికి పోయేవి ఒకటి, దూరం పోయేవి ఒకటి అని మూడుగా విడగొట్టింది. "ఏ బోటు యా దిక్కు పోతాదో మీకన్నా నాకే తెలుసు, పదేళ్లుగా ఐసు చెప్పేది నేనే గదా" అంది. ఎవరూ కాదనలేదు. పద్మనాభయ్య వైపు తిరిగి, "ఇది రాసుకుంటావా?" అంది.

"నాకెందుకమ్మా. నువ్వే గుర్తు పెట్టుకో."

ఆమె నవ్వలేదు గానీ, ఆయనకు స్టూలు తెచ్చి వేసింది.

ఒక్క బోటువాడు మాత్రం జీపుకు దొరక్కుండా దాచిన పాత సెట్టును అక్టోబరు దాకా వాడుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున పాయింట్ ఆరులో ఒంటరిగా ఆ గొంతు వినపడేది, బదులు పలికేవాళ్లు లేకపోయినా. పెట్టెలను ఆ జాగాలోకి ఎప్పుడు జరపమంటారని ప్రత్యూష అడిగినప్పుడల్లా పద్మనాభయ్య ఇంకొన్నాళ్లు ఆగమనేవాడు. అక్టోబరు రెండో వారంలో ఆ గొంతూ కొత్త సెట్లోకి మారింది. వారం రోజులు నిశ్శబ్దంగా ఉన్నాక ఆయన పట్టిక రాశాడు. ఒక పేజీ. కింద డిజిటల్ పెట్టెలు, మధ్యన మాటలు, పైన ఉపగ్రహాలు, వాటికీ వీటికీ నడుమ గట్ల మాదిరి కొంత ఖాళీ. క్లబ్బులో చేతులెత్తి ఒప్పుకున్నారు. చేయి ఎత్తినవాళ్లలో విజయభాస్కర్ కూడా ఉన్నాడు.

ఇప్పుడు ఏడు పెట్టెల అంకెలు కంప్యూటరు తెర మీద మ్యాపులో కనిపిస్తాయి. అల్లూరు కాలవ నీటిమట్టం ఎవరూ వెళ్లి చూడకుండానే పది నిమిషాలకోసారి వస్తుంది. పద్మనాభయ్య మాత్రం వారానికోసారి కాలవ గట్టు మీదికి నడిచి వెళ్లి, పెట్టె చెప్పింది నిజమో కాదో రాతి మీద గీతలతో సరిచూసుకుంటాడు. ఒకసారి నాలుగు అంగుళాలు తేడా వచ్చింది. ప్రత్యూష వచ్చి సెన్సరుకు పట్టిన నాచు గీకింది.

పట్టికకు ఆరు నెలలకోసారి తగువు వస్తూనే ఉంటుంది. ఈ మధ్య చిట్టమూరులో కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న ఇద్దరు ఇంకో రకం డిజిటల్ పద్ధతి మొదలుపెట్టారు, వాళ్లకు ఇంకా వెడల్పు జాగా కావాలట. పెద్దల కబుర్ల వైపు నుంచి కొంత కోసి ఇవ్వమంటున్నారు. ఫోన్లో తేల్చేద్దామన్నాడు విజయభాస్కర్. పద్మనాభయ్య సంచిలో చిన్న సెట్టు, టిఫిన్ డబ్బా పెట్టుకుని గూడూరు బస్సెక్కాడు. అక్కడి నుంచి చిట్టమూరుకు ఇంకో బస్సు మారాలి.